అడవిని చట్టసభ ముందుంచిన నేత
కుమాయూన్ కొండల నుంచి కేంద్ర హోంశాఖ వరకు గోవింద వల్లభ పంత్ ప్రస్థానం

రాష్ట్రాల పునర్విభజన బిల్లును 1956లో పార్లమెంటులో నడిపించిన కేంద్ర హోంమంత్రిగా పండిట్ గోవింద వల్లభ పంత్ పేరు తెలుగువారికి చిరపరిచితమే. ఉత్తరప్రదేశ్ తొలి ముఖ్యమంత్రిగా, భారతరత్న పురస్కార గ్రహీతగా ఆయనను దేశమంతా ఎరుగును. అయితే ఆయన ప్రజాజీవితానికి పునాది వేసింది అధికార పదవులు కావు, భాషా సమస్యలు కావు. హిమాలయ పాదసీమలలోని సామాన్య రైతు తన ఊరి అడవిలో పుల్ల ఏరుకునే హక్కు కోసం పడిన తపనే ఆయనను రాజకీయాలలోకి నడిపించింది. ప్రభుత్వ భూములపైన, అడవులపైన అజమాయిషీ అధికారులదా, ప్రజాప్రతినిధులదా, లేక గ్రామస్థులదా అన్న ప్రశ్న ఆయనను జీవితాంతం వెన్నాడింది. ప్రతిపక్షంలో ఉండగా ఆయన అడిగిన ప్రశ్నలకు, అధికారంలోకి వచ్చిన పిదప ఆయన ఇవ్వగలిగిన సమాధానాలకు నడుమ గల దూరం నేటికీ పరిశీలనార్హమైనది.

పంత్ 1887 సెప్టెంబరులో అల్మోరా సమీపంలోని ఖూంట్ గ్రామంలో జన్మించారు. తండ్రి మనోరథ్ పంత్ ప్రభుత్వోద్యోగి కావడంతో తరచు బదిలీలు తప్పేవి కావు. అందువల్ల బాలుడు తాతగారైన బద్రీదత్ జోషి ఇంట అల్మోరాలో పెరిగాడు. న్యాయశాఖలో ఉద్యోగి అయిన ఆ మాతామహుని ప్రభావం మనుమనిపై గాఢంగా పడింది. అల్మోరాలో పాఠశాల విద్య ముగిసిన అనంతరం పంత్ అలహాబాదులోని మ్యూర్ సెంట్రల్ కళాశాలలో చేరారు. 1909లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని స్వస్థలానికి తిరిగి వచ్చి, తొలుత అల్మోరాలోను, తరువాత కాశీపూర్‌లోను న్యాయవాద వృత్తి సాగించారు.

బంజరు భూమి అడవిగా మారిన వైనం

పంత్ ఆరేళ్ల బాలుడుగా ఉన్న 1893 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు జారీ చేసింది. కుమాయూన్‌లో కొలతకు రాని, సాగులో లేని భూమి యావత్తూ రక్షిత అడవి అని దాని సారాంశం. మంచుకొండల శిఖరాలు, నదీగర్భాలు, గడ్డి మైదానాలు, ఊరి పక్క రాతిగుట్టలు కూడ ఒక్క కలం పోటుతో ప్రభుత్వ అడవి అయిపోయాయి. అంతటితో ఆగక 1911-17 సంవత్సరాల మధ్య దాదాపు 3 వేల చదరపు మైళ్ల విస్తీర్ణాన్ని రిజర్వు అడవులుగా ప్రకటించారు. రైల్వే స్లీపర్లకు కలప, టర్పెంటైను పరిశ్రమకు జిగురు ఇచ్చే చీర్ పైన్ వృక్షాలు ప్రభుత్వానికి ఆదాయ వనరు కావడమే ఇందుకు ముఖ్య కారణం.

కొండ ప్రాంతపు వ్యవసాయం అడవిపైనే ఆధారపడి ఉంటుంది. మెట్టలుగా చెక్కిన చిన్న చిన్న పొలాలకు ఎరువు కావాలంటే పశువులు ఉండాలి, పశువులకు మేత కావాలంటే అడవి ఉండాలి. బాంజ్ అని పిలిచే ఓక్ చెట్టు ఆకులే చలికాలంలో పశుగ్రాసం, ఆ ఆకులే పశువుల పాకలో పరుపు, అవే కుళ్లి పొలానికి ఎరువు. రిజర్వు నిబంధనలు వచ్చిన పిమ్మట ఆకు కోతకు, మేతకు, వంటచెరకుకు పరిమితులు ఏర్పడ్డాయి. కొత్త గడ్డి మొలవడానికి వేసవిలో నిప్పు పెట్టే పాత ఆచారం నేరమైంది. అటవీ సిబ్బంది జరిమానాలు, బందెలదొడ్లు నిత్యకృత్యాలయ్యాయి. ఈ బాధకు తోడు పర్యటనకు వచ్చే దొరల సామాను మోయవలసిన వెట్టిచాకిరి మరొకటి ఉండేది.

కాశీపూర్‌లో న్యాయవాదిగా ఉన్న రోజులలోనే పంత్ ఈ వెట్టికి వ్యతిరేకంగా పల్లె ప్రజల పక్షాన నిలిచారు. 1916లో ఏర్పడిన కుమాయూన్ పరిషత్తు వెట్టి, అడవి సమస్యలను రెండింటినీ చేపట్టింది. 1921 జనవరిలో మకర సంక్రాంతి నాడు బాగేశ్వర్ సంగమం వద్ద బద్రీదత్ పాండే ప్రభృతుల నాయకత్వంలో వేలాది రైతులు సమావేశమై, వెట్టి వివరాలు రాసిన రిజిస్టర్లను సరయూ నదిలో విసిరివేశారు. ఆ వేసవిలోనే కుమాయూన్ అడవులు తగులబడ్డాయి. గ్రామస్థులకు ఉపయోగపడే ఆకు చెట్లకంటే ప్రభుత్వానికి ఆదాయమిచ్చే చీర్ పైన్ వనాలే ఎక్కువగా అగ్నికి ఆహుతి కావడం గమనార్హం.

ఇదే కాలంలో తెలుగునాట పల్నాడు ప్రాంతంలో పుల్లరి పన్ను నిరాకరణ సాగింది. అడవిలో పశువులు మేసినందుకు విధించే ఆ పన్నును ఎదిరించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలి అయ్యారు. ఎంతో దూరంలో ఉన్న రెండు సీమల రైతులను ఒకే శాఖ, ఒకే తరహా నిబంధన ఒకే కాలంలో తిరుగుబాటుకు పురికొల్పాయి.

రికార్డులతో వాదించిన న్యాయవాది

మంటలు చల్లారే లోపలే ప్రభుత్వం 1921లో కుమాయూన్ కమిషనర్ అధ్యక్షతన అటవీ కష్టనష్టాల విచారణ సంఘాన్ని నియమించింది. సంఘం కొండలన్నీ తిరిగి గ్రామస్థుల సాక్ష్యాలు సేకరించింది. పంత్ ఈ సందర్భంలో ఉద్వేగ ప్రసంగాలకు బదులు పాత రికార్డులను ఆశ్రయించారు. కుమాయూన్ అడవి సమస్యపై 1922లో ఇంగ్లీషులో ఒక గ్రంథం ప్రచురించారు. 1823లో నాటి బ్రిటిష్ కమిషనరే గ్రామాల ఎల్లలు నిర్ణయించారని, ఆ ఎల్లల లోపలి అడవి, బీడు గ్రామ ఉమ్మడి ఆస్తిగా చలామణీ అయిందని, 1893 ఉత్తర్వు ఆ హామీకి విరుద్ధమని అందులో ప్రతిపాదించారు. రైతు అడవికి శత్రువు కాడని, హక్కు లేకుండా చేయడమే అతనిని నిర్లక్ష్యానికి నెట్టిందని వాదించారు. ప్రభుత్వ పత్రాలతోనే ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టిన ఆ పద్ధతి తరువాతి కాలంలో ఆయన శాసనసభా జీవితానికి ముద్రగా నిలిచింది.

సంఘం సిఫారసుల మేరకు రిజర్వు అడవులను రెండు తరగతులుగా విభజించారు. వాణిజ్యపరంగా అంతగా విలువలేని మొదటి తరగతి అడవులు రెవెన్యూ శాఖకు బదిలీ అయ్యాయి. వాటిలో మేతకు, పుల్లకు ఆటంకాలు చాలావరకు తొలగాయి. కలప, జిగురు దండిగా లభించే రెండవ తరగతి మాత్రం అటవీ శాఖ చేతిలోనే ఉండిపోయింది. రైతుకు ఊరట లభించింది కాని ఆదాయపు అడవి ప్రభుత్వ గుప్పిటలోనే మిగిలింది.

జవాబు చెప్పనవసరంలేని శాఖ

1923లో స్వరాజ్య పార్టీ పక్షాన పంత్ నైనిటాల్ నుంచి యునైటెడ్ ప్రావిన్సెస్ శాసనమండలికి ఎన్నికయ్యారు. మండలిలో పార్టీ నాయకత్వం ఆయనకే దక్కింది. అది 1919 చట్టం కింద ద్వంద్వ ప్రభుత్వం నడుస్తున్న కాలం. విద్య, ఆరోగ్యం వంటి శాఖలు మండలికి బాధ్యులైన మంత్రుల వద్ద ఉండేవి. శాంతిభద్రతలు, భూమి శిస్తు వంటివి గవర్నరుకు మాత్రమే బాధ్యులైన కార్యనిర్వాహక సభ్యుల వద్ద ఉండేవి. అడవులను మంత్రులకు అప్పగించింది బొంబాయి రాష్ట్రంలోను, అనంతరం బర్మాలోను మాత్రమే. పంత్ రాష్ట్రంలో అటవీ శాఖ రెండవ కోవలోనే ఉండిపోయింది.

అందువల్ల సభ్యుల చేతిలో ఉన్న ఆయుధాలు మూడే. ప్రశ్నలు వేయడం, తీర్మానాలు ప్రతిపాదించడం, బడ్జెటు సమయంలో శాఖ పద్దుపై కోత తీర్మానం పెట్టడం. కోత తీర్మానం నెగ్గినా, ఆ మొత్తం అత్యవసరమని గవర్నరు ధ్రువీకరిస్తే తిరిగి చేరిపోయేది. అయినప్పటికీ లెక్కలు సభ ముందు పెట్టించడం, జరిమానాల వివరాలు రాబట్టడం, పత్రికలలో చర్చకు తావు కల్పించడం వంటి ప్రయోజనాలు ఉండేవి. బడ్జెటు పద్దులను పంక్తి పంక్తిగా చదివి ప్రశ్నించే సభ్యునిగా పంత్ పేరు గడించారు. చట్టసభకు అధికారం లేనిచోట సమాచారమే అధికారమని ఆయన గ్రహించారు.

మరో విశేషమేమంటే, కుమాయూన్ అప్పటికి 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం పరిధిలో ఉండేది. 1931లో గ్రామస్థులే తమ అడవిని కాపాడుకునే వన పంచాయతీల నిబంధనలు వెలువడినప్పుడు, అవి శాసనమండలి ఆమోదంతో కాక ఆ పాత చట్టం కింద ప్రభుత్వ ప్రకటన రూపంలో వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో అటవీ పంచాయతీలు అంతకు మునుపే ఉన్నాయి. ఊరి పెద్దలు ఎన్నుకున్న పంచులు కాపలాదారుని నియమించుకోవడం, మేతకు వంతులు నిర్ణయించడం, తప్పు చేసినవారిపై చిన్న జరిమానా విధించడం వన పంచాయతీల పని. ఆందోళన ఫలితంగా వచ్చిన ఈ సంస్కరణను ప్రభుత్వం దయగా ప్రసాదించినట్లు చూపడం జరిగింది. ప్రకటనతో ఇచ్చినది ప్రకటనతోనే మార్చవచ్చునన్న సూక్ష్మం తరువాతి దశాబ్దాలలో బయటపడింది.

స్వాతంత్ర్యోద్యమం పంత్‌ను సభ వెలుపలికి కూడ లాగింది. 1928 నవంబరులో లక్నోలో సైమన్ కమిషన్ బహిష్కరణ ప్రదర్శనపై జరిగిన లాఠీచార్జిలో జవహర్‌లాల్ నెహ్రూ పక్కన నిలిచి తీవ్రంగా గాయపడ్డారు. ఆ దెబ్బల ఫలితంగా వచ్చిన వణుకు ఆయనను జీవితాంతం వదలలేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికై కాంగ్రెసు పక్ష ఉపనాయకునిగా వ్యవహరించారు. ఆయన ఢిల్లీలో ఉన్న 1935లోనే యునైటెడ్ ప్రావిన్సెస్‌లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. దాని కింద 1936 ఆగస్టులో కుమాయూన్ పాదసీమలో హెయిలీ జాతీయ పార్కు ఏర్పడింది. దేశంలో మొదటి జాతీయ పార్కు అదే. ఒకప్పటి గవర్నరు పేరు మోసిన ఆ పార్కు స్వాతంత్ర్యానంతరం రామగంగ పార్కుగాను, 1955లో వేటగాడు, రచయిత జిమ్ కార్బెట్ మరణించిన అనంతరం కార్బెట్ పార్కుగాను మారింది.

ప్రశ్నించిన వ్యక్తే పాలకుడు

1937 జూలైలో పంత్ యునైటెడ్ ప్రావిన్సెస్ ప్రధానమంత్రి అయ్యారు. నాడు రాష్ట్ర ముఖ్యమంత్రులను అలాగే వ్యవహరించేవారు. 1935 చట్టం ప్రకారం అడవులు తొలిసారిగా శాసనసభకు బాధ్యులైన మంత్రుల చేతికి వచ్చాయి. కాని కౌలుదారుల చట్టం రూపకల్పన, రాజకీయ ఖైదీల విడుదల వంటి పనులలో రెండేళ్లు గడిచాయి. యుద్ధంలోకి భారతదేశాన్ని సంప్రదింపులు లేకుండా దింపినందుకు నిరసనగా 1939 నవంబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. 1942లో అరెస్టయి అహమ్మద్‌నగర్ కోటలో నెహ్రూ తదితరులతో సుమారు మూడేళ్లు గడిపిన పంత్, 1946 ఏప్రిల్‌లో తిరిగి అధికారం చేపట్టారు.

జమీందారీ రద్దుకు మార్గం నిర్దేశించే కమిటీకి ఆయనే అధ్యక్షత వహించారు. రద్దు తప్పదని తెలిసిన జమీందారులు అనేకచోట్ల తమ అడవులను నరికి కలప అమ్ముకోసాగారు. దీనిని అరికట్టేందుకు ఉత్తరప్రదేశ్ శాసనసభ ప్రైవేటు అడవుల చట్టాన్ని తెచ్చింది. సొంత అడవిలో చెట్టు కొట్టాలన్నా అనుమతి అవసరమయ్యేటట్లు కట్టుదిట్టం చేసింది. జమీందారీ రద్దు చట్టానికి 1951 జనవరిలో రాష్ట్రపతి ఆమోదముద్ర లభించింది. న్యాయస్థానాలలో సవాళ్లను, అందుకు సమాధానంగా వచ్చిన తొలి రాజ్యాంగ సవరణను దాటుకుని 1952 జూలై 1న అమలులోకి వచ్చింది.

ఆ చట్టంలో ఊరి ఎల్లల లోపలి బీళ్లు, చెరువులు, చెట్లు, అడవులు గ్రామ సమాజానికి అప్పగించే వీలు కల్పించారు. 1922లో పంత్ గ్రంథంలో వినిపించిన వాదన ముప్పై ఏళ్ల తరువాత మైదాన గ్రామాల విషయంలో చట్టరూపం ధరించింది. అయితే ఆయన స్వస్థలమైన కుమాయూన్ కొండలకు ఆ చట్టం వర్తించలేదు. అక్కడి జమీందారీ రద్దుకు 1960లో వేరుగా చట్టం చేయవలసి వచ్చింది. 1921 విచారణ ఫలితంగా రెవెన్యూ శాఖకు వెళ్లిన మొదటి తరగతి అడవులు 1964లో తిరిగి అటవీ శాఖ ఏలుబడికే చేరాయి.

తరాయి ప్రాంతం కథ మరింత చిక్కైనది. కొండల దిగువన మన్యపు జ్వరానికి నిలయమైన ఆ చిత్తడి అడవులలో థారూ, బుక్సా గిరిజనులు తరతరాలుగా నివసించేవారు. దేశ విభజన దరిమిలా పశ్చిమ పంజాబు నుంచి వచ్చిన శరణార్థులకు, మాజీ సైనికులకు పునరావాసం కల్పించడానికి పంత్ ప్రభుత్వం 1940వ దశకం చివర తరాయిని సాగులోకి తెచ్చింది. దోమల నిర్మూలన, ట్రాక్టర్లు, కాలువలు ఆ నేలను ధాన్యాగారంగా మార్చాయి. 1960 నవంబరులో నెహ్రూ అక్కడ ప్రారంభించిన వ్యవసాయ విశ్వవిద్యాలయం తరువాత పంత్ పేరునే ధరించి హరిత విప్లవానికి కేంద్రాలలో ఒకటిగా వాసికెక్కింది. కాని పట్టాలు లేని థారూలు, బుక్సాలు క్రమంగా తమ భూములు కోల్పోయారు. కుమాయూన్ రైతు 1893లో ఎదుర్కొన్న కష్టమే మరో రూపంలో వారిని ఎదుర్కొంది. వారి పక్షాన పాత రికార్డులు తిరగేసే న్యాయవాది ఆనాడు సభలో కానరాలేదు.

ఢిల్లీలో చివరి అంకం

1954 డిసెంబరులో ముఖ్యమంత్రి పదవి వీడిన పంత్ 1955 జనవరిలో కేంద్ర హోంమంత్రి అయ్యారు. రాజ్యసభ నాయకునిగాను వ్యవహరించారు. హైదరాబాదు రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతాన్ని వేరుగా ఉంచాలన్న ఫజల్ అలీ కమిషన్ సిఫారసు, దానికి భిన్నంగా విశాలాంధ్ర కోరిక, ఉభయుల మధ్య 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరణ ఆయన హయాంలోనే జరిగాయి. తెలంగాణ వ్యవహారాలను ఆ ప్రాంత శాసనసభ్యులే పరిశీలించే ప్రాంతీయ సంఘం ఏర్పాటు కూడ ఆ పరిణామాలలో భాగమే. 1957లో ఆయనకు భారతరత్న లభించింది.

అడవి ప్రశ్న ఢిల్లీలోనూ ఆయనను వదలలేదు. గిరిజన సంక్షేమం హోంశాఖ పరిధిలో ఉన్నందున 1960 ఏప్రిల్‌లో యు.ఎన్. ధేబర్ అధ్యక్షతన షెడ్యూల్డు ప్రాంతాల, తెగల కమిషన్ నియామకం ఆయన కాలంలోనే జరిగింది. కమిషన్ నివేదిక 1961 అక్టోబరులో వెలువడింది. అడవిపై గిరిజనులకు ఒకప్పుడు ఉన్న హక్కులు అంచెలంచెలుగా కుదించుకుపోయి చివరకు సర్కారు ఇచ్చే రాయితీల స్థాయికి దిగజారాయని అది తేల్చింది. 1922లో పంత్ చెప్పినదానికి దగ్గరగా ఉన్న ఆ మాటలను చదవడానికి ఆయన జీవించి లేరు. 1961 మార్చి 7న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.

తీరని ప్రశ్న

ఆయన మరణానంతరం అడవులపై చట్టసభల అజమాయిషీ పలు మలుపులు తిరిగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాతీయ పార్కు ఎల్లలు మార్చాలంటే రాష్ట్ర శాసనసభ తీర్మానం తప్పనిసరి చేసింది. 2002 నాటి సవరణతో ఆ అధికారం స్థానే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు వచ్చి చేరింది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ అడవులను రాష్ట్రాల జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. 1980 అటవీ సంరక్షణ చట్టంతో అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించాలంటే కేంద్రం అనుమతి అనివార్యమైంది. 1996 డిసెంబరు ఉత్తర్వుతో సుప్రీంకోర్టు అడవి అనే మాట పరిధినే విస్తరించింది. 2023లో పార్లమెంటు సంయుక్త సంఘం పరిశీలన అనంతరం 1980 చట్టాన్ని సవరించారు. ప్రతి మలుపులోనూ అధికారం గ్రామానికి దూరంగా, పై అంతస్తులకే జరిగింది. 2006 అటవీ హక్కుల చట్టం ఒక్కటే గ్రామసభకు పెద్దపీట వేసి ఎదురుదారిన నడిచింది.

పంత్ పుట్టిన కొండలు 1973లో చిప్కో ఉద్యమానికి ఆలవాలమయ్యాయి. క్రీడాసామగ్రి కంపెనీకి ఇచ్చిన చెట్లు, గ్రామస్థుల నాగలి కర్రకు నిరాకరించడమే ఆ ఉద్యమానికి నాంది. 1976లో వన పంచాయతీల నిబంధనలు సవరించి అధికారుల పట్టు పెంచినప్పుడు, ప్రకటనతో వచ్చిన హక్కుకు గల బలమెంతో గ్రామాలకు అర్థమైంది. 2000 నవంబరులో ఆ కొండలు ఉత్తరాఖండ్ రాష్ట్రంగా ఏర్పడ్డాయి. నేడు అక్కడ 11 వేలకు పైగా వన పంచాయతీలు ఉన్నాయి.

లెక్కలు అడిగే సభ్యుడు, రికార్డు తిరగేసే న్యాయవాది, అడవిని ఆదాయంగా కాక జీవనాధారంగా చూసే గ్రామస్థుడు ఒకచోట కలిసినప్పుడే ప్రభుత్వ భూమిపై చట్టసభ పర్యవేక్షణ సార్థకమవుతుందని పంత్ యౌవన జీవితం చాటుతున్నది. అదే సభ్యుడు పాలకుడైనప్పుడు అతనిని అడిగేవారు కూడ ఉండాలని తరాయి అనుభవం గుర్తుచేస్తున్నది.